రౌటర్‌లో దాచిన పేరు

మా మేడమ్ గారు పోయారని మొన్న ఉదయం గుడివాడ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఎందుకో ఏడుపు రాలేదు. ఆవిడతో కలిసి పనిచేసిన రోజులే ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

బందరులోని మా ఇంటర్నెట్ సంస్థలో నాకు పని నేర్పింది ఆవిడే. దివిసీమ ఊళ్లలోని రౌటర్లను మేము బందరులో కూర్చునే సరిచేసేవాళ్లం. మొదట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డు. తర్వాత ఆవిడే ఎవరి పేరు, పాస్‌వర్డు వారికి ఇచ్చి, రౌటర్లలోకి ఎవరిని రానివ్వాలో ఆఫీసు సర్వరే చెప్పేలా చేశారు.

"మా మీద నమ్మకం లేదాండీ?" అని అడిగాను.

"ఉంది కాబట్టే నీ పేరు పెట్టాను. నువ్వు చేసిన పని నీదని తెలియొద్దూ?" అన్నారు, తన డబ్బాలోని గోంగూర పచ్చడి నా కంచంలో వేస్తూ.

తుపాను వస్తోందన్న రోజు, నాగాయలంక దగ్గర ఆసుపత్రిలోని మా రౌటర్ గురించి ఆవిడ కంగారుపడ్డారు. "ఇక్కడ సర్వర్ ఆగిపోతే అది మనల్ని కూడా రానివ్వదు. సర్వర్ పలక్కపోతే తనలో దాచుకున్న పేరు చూసి రానివ్వమని చెబుదాం" అని ఆ సెట్టింగు స్వయంగా మార్చారు. ఇక విండో మూసేద్దామా అన్నాను.

"ఆగమ్మా. ఈ విండో అలాగే ఉంచు. సర్వర్ కాసేపు ఆపి, ఇంకో విండోలోంచి వెళ్లి చూడు."

వెళ్లాను. రౌటర్ రానివ్వలేదు. ఆవిడ తెరకేసి చూసి నవ్వేశారు. "పేరు చూడమన్నాను గానీ, ఆ పేరు అందులో పెట్టనేలేదు. చూశావా?" అప్పటికే రౌటర్ లోపల ఉన్న, మూయని మొదటి విండోలోంచే పేరు పెట్టారు. ఈసారి వెళ్లగలిగాను.

మర్నాడు గాలివానకు బందరులో సర్వర్ ఆగిపోయింది. ఆసుపత్రికి వెళ్లే కేబులూ తెగింది. గుడివాడలోని మా సహోద్యోగి, టవర్ మీదుగా ఉన్న రెండో దారిలో, ఆ దాచిన పేరుతోనే రౌటర్‌లోకి వెళ్లి ఆసుపత్రి ఫోన్లను అటు మళ్లించాడు. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయిన ఆ మధ్యాహ్నం, అక్కడి నర్సు అవనిగడ్డ డాక్టరమ్మను ఫోన్లో అడుగుతూ ఓ కష్టమైన కాన్పు చేసింది. తల్లీబిడ్డా క్షేమం.

నీళ్లు తీశాక మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ఆ పాపను చూడ్డానికి వెళ్లారు. చేపలు పట్టే కుటుంబం.

"మీరెవరండీ?" అంది పాప అమ్మమ్మ.

"ఫోన్లు చూసుకునేవాళ్లమండి. ఇటు పని మీద వచ్చాం. పాప పుట్టిందని విన్నాం" అన్నారు మేడమ్.

అంతకుమించి ఆవిడ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఆ అమ్మమ్మ పాపను తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. బోర్లించిన పడవ మీద కూర్చుని, పాప ముఖం మీద ఎండ పడకుండా పమిట అడ్డుపెట్టి, గాలికి జుట్టు ముఖాన పడుతున్నా కదలకుండా ఉండిపోయారు ఆవిడ.