రెండో బిగింపు మిగిలిపోయింది

నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఊరి బడిలో ఐదో తరగతి దాకానే చదివాను, ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. డ్రైవరన్నలు చదివే పత్రిక కదా అని ధైర్యం చేసి రాస్తున్నాను. సర్దుకుని చదవండి. మన జీపులు బాగుచేసే గౌలిపుర ఉస్తాద్ పోయారు.

మొన్న సోమవారం పొద్దున ఆయన తమ్ముడు మలక్‌పేటలో మా గుమ్మం ముందు సైకిల్ ఆపాడు. రోజూ మాకు పాలు పోసేది అతనే. ఆ రోజు సైకిల్‌కు క్యాన్లు లేవు. "అన్న పోయిండే," అన్నాడు. నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

ఉస్తాద్‌ది పాలవాళ్ల ఇల్లు. వాకిట్లో ఒక పక్క బర్రెలు, ఇంకో పక్క జీపులు. కాగిన బండి ఏది వచ్చినా ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసేవారు, బర్రె పొట్ట మీద పెట్టినట్టే. తర్వాత డ్రైవర్‌ను అరుగు మీద కూర్చోబెట్టేవారు. "చాయ్ తాగు. ఇంజన్ చల్లారాలె, నువ్వు గూడ చల్లారాలె." రెండు చాయ్‌లు అయ్యేదాకా రేడియేటర్ మూత ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

నాకు ఆయన ఎట్లా తెలుసో చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గే. పదిహేనేళ్ల కిందటి మాట. ఒక ఆఫీసులో పాత డీజిల్ జీపు నడిపేవాణ్ణి. నౌకరీ టెంపరరీ. నన్ను పర్మినెంట్ చేసే కాగితం సంతకానికి మా ఆఫీసర్ సార్ బల్ల మీదికి వచ్చిన నెలలోనే, అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే ఇంజన్ మరిగింది. సార్ దిగి పక్కనే ఉన్న సర్కారు బంగళాలోకి పోయారు. నాకు గాబరా. గుడ్డ చుట్టి మూత తీసి, బావి నీళ్లు తోడి, మరిగే ఇంజన్‌లో చల్లచల్లగా పోసేశాను. లోపల టక్కుమంది. ఎవరికీ చెప్పలేదు.

సార్‌ను ఇంటి దగ్గర దింపి వస్తుంటే అఫ్జల్‌గంజ్‌లో బండి తెల్లపొగ కక్కి ఆగిపోయింది. ఎవరిని అడిగినా ఉస్తాద్ దగ్గరికే పొమ్మన్నారు. హమాలీలతో తోయించి, మూసీ దాటించి, ఆయన వాకిట్లో పెట్టాను.

"వేడి మీద నీళ్లు పోసినవా?"

"లేదు ఉస్తాద్."

ఆయన నూనె చూసే పుల్ల బయటికి లాగారు. నూనె మజ్జిగలాగా తెల్లగా ఉంది. "మా ఇంట్ల మూడు తరాల సంది పాలల్ల నీళ్లు కలుపలే. నీ నూనెల ఎవలు కలిపిండ్రు తమ్మీ?" అన్నారు. వాకిట్లో అందరూ నవ్వారు.

మర్నాడు ఇంజన్‌ను పైన మూసే ఇనుప దిమ్మె, హెడ్డు, విప్పారు. కిరోసిన్ పూసి, తుడిచి, పైన సున్నం రాసి ఎండలో పెట్టారు. కాసేపటికి తెల్లటి సున్నంలో వెంట్రుకంత నల్లగీత తేలింది. పగులు. ఉస్తాద్ దానివైపు చూడలేదు, నావైపు చూశారు.

"సార్ వస్తే బండి ముసలిదని చెప్పు ఉస్తాద్. నా నౌకరీ పోతది."

"బండి ముసలిదే. గని ముసలితనానికి గిట్ల పలుగది తమ్మీ."

మధ్యాహ్నం సార్ రిక్షా దిగారు. "తప్పు బండిదా, డ్రైవర్‌దా?" అని అడిగారు. ఉస్తాద్ చేతులు తుడుచుకున్నారు.

"ఇనుము సంగతి నన్నడుగుండ్రి సార్. మనిషి సంగతి మనిషినే అడుగుండ్రి."

"నేనే పోసిన సార్. వేడి మీద చల్లనీళ్లు," అన్నాను. అంతే అనగలిగాను.

"ఇగ నన్నడుగుండ్రి," అని ఉస్తాద్ రేడియేటర్ ఎత్తి తీగతో పొడిచారు. గొట్టాల్లోంచి ఎర్రమట్టి రాలింది. "మూడేండ్ల సంది దీన్ని ఎవలన్న కడిగించిండ్రా? నీళ్లు తిరుగనే లేవు, మరుగక ఏంజేస్తది? కడిగించుమని ఈయన మీకు చిట్టీ రాసిండా లేదా?"

"రెండుసార్లు రాశాడు," అన్నారు సార్ మెల్లగా. తర్వాత నావైపు తిరిగి, "అదే గుట్ట ఎక్కించు. మరగకపోతే సంతకం పెడతా," అన్నారు.

ఉస్తాద్ అఫ్జల్‌గంజ్ పాతసామాన్ల దుకాణాలన్నీ తిరిగి మంచి హెడ్డు ఒకటి తెచ్చారు. మందపు అద్దం మీద బోర్లించి వంకర లేదని చూసుకున్నాకే ఎక్కించారు. నట్లు నడుమ నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా, మూడు చుట్లు బిగించారు. "రొట్టె ఒత్తినట్టు పోవాలె," అని నా చేతికి కూడా పానా ఇచ్చారు. మర్నాడు తెల్లారేసరికి సైకిల్ మీద మా ఇంటికే వచ్చారు, అదే పానాతో.

"ఒక్కపారి బిగించింది నమ్మద్దు. వేడై చల్లారినంక మళ్లొకపారి బిగించాలె. అప్పుడే నిలుస్తది."

హెడ్డు విప్పిన ప్రతి బండికీ అంతే. అది ఎక్కడుంటే అక్కడికి మర్నాడు తానే పోయేవారు. గుట్టకు కూడా నా పక్కనే కూర్చుని వచ్చారు. పైన బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, బీడీ ముట్టించారు. ఆ వారంలోనే సంతకం అయింది. ఆ నౌకరీతోనే నా ఇల్లు నిలబడింది.

పగిలిన హెడ్డు పారేయలేదు. దూడ తాడు దానికి కట్టారు. నేను ఎప్పుడు పోయినా, "గిది నీ అబద్ధం తమ్మీ. మా దూడకు పనికొచ్చింది," అని నవ్వేవారు.

పోయిన నెల జ్వరంతో పడుకున్నారంటే వెళ్లాను. నాకు చేసిన మేలు గురించి ఒక్క మాటైనా చెబుదామని దారంతా కూడబలుక్కున్నాను. తీరా పోయాక, ఆ మాటకు బదులు నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది.

"ఏంది తమ్మీ, మూత తీస్తవా? చల్లారనియ్," అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని, "ఆకుపచ్చ జీపు ఒకటి పోయింది. హెడ్డు ఎక్కించి ఒక్కపారే బిగించిన. అవతలి దినమే నేను పడ్డ. రెండోది మిగిలింది," అన్నారు.

"నేను చూస్త ఉస్తాద్," అన్నాను. ఆయనతో నేను అన్న ఆఖరి మాట అదే.

ఆ జీపు ఎవరిదో ఆయన తమ్ముడికీ తెలియదు. ఎడమవైపు లైటు అద్దం పగిలి ఉందట, మహబూబ్‌నగర్ వైపు పోయిందట. నిన్న వాళ్ల వాకిట్లో ఒక్క జీపూ లేదు. దూడ ఒక్కటే ఆ పగిలిన హెడ్డుకు కట్టి ఉంది, తాడు రాసుకుని రాసుకుని ఇనుము ఒకచోట అద్దంలా మెరుస్తోంది. తమ్ముడు పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ ఆకుపచ్చ జీపు నడిపే అన్న ఎవరైనా ఇది చదివితే, గుట్టలు ఎక్కించకుండా ఉంచి, పత్రిక అడ్రసుకు తొందరగా ఒక కార్డు ముక్క రాయండి. బండి ఎక్కడున్నా ఈ పానాతో వస్తాను. చల్లారేదాకా కూర్చుంటాను.