సర్కారు వరుసలో మా కరివేపాకు

రెండు రాష్ట్రాలూ కలిసి ఒకటయ్యాక మా ఆయన ఆఫీసు హైదరాబాదుకు మారింది, దానితోపాటు మేమూ మారాం. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వెళ్ళే రోడ్డు మీద కింది వాటా కిరాయికి తీసుకున్నాం. మా అత్తగారు ఊరి నుంచి పట్టుబట్టి తెచ్చుకున్నవి రెండు: ఒక రోలు, కుండీలో ఒక కరివేపాకు మొక్క. రోలు రైలు దిగేటప్పుడు కూలీ కాలి మీద పడింది. మొక్క ఎవరినీ ఏమీ చెయ్యలేదు.

ఆ మొక్క ఆకు వెయ్యందే ఆవిడ మజ్జిగ పులుసు ముట్టేవారు కారు. మొజంజాహీ మార్కెట్ నుంచి ఎంత లేతాకు తెచ్చినా వాసన చూసి, "ఇది ఆకే" అని పక్కన పెట్టేసేవారు. అంతకన్నా మంచిమాట ఆ ఆకుకు ఎప్పుడూ దక్కలేదు.

అప్పట్లో పెద్దమనిషి ఎవరు రైలు దిగినా, స్టేషన్ నుంచి మా రోడ్డు పొడుగునా రెండు పక్కలా మొక్కల కుండీలు పెట్టేవారు. ఊరు మొత్తానికీ కుండీలు అవే. ఈపూట మా గుమ్మం ముందు నిలబడ్డవే రేపు కోఠిలో సభ ముందు నిలబడేవి. పార్కుల్లో అయితే పచ్చిక ఉండేది, దానికి నీళ్ళు పోసే మనుషులు ఉండేవారు. మిగతా ఊరికి పచ్చదనం ఎద్దుబండి మీద వచ్చి, ఎద్దుబండి మీద పోయేది.

సర్కారు కుండీకి గుర్తు ఒక్కటే. ఒళ్ళంతా ఎర్రగా జాజు, అంచుకు తెల్లగా సున్నం పట్టీ. రంగు వెలిసిన వాటికి, ఆ మొక్కల్ని చూసుకునే మాలీ మా అరుగు ముందే కూర్చుని పూసేవాడు. మెదక్ వైపు మనిషి, సేద్యం వదిలి పట్నం వచ్చాడు. ఒకరోజు అతని డబ్బాలో జాజు కాస్త మిగిలింది. అత్తగారు చూశారు.

"అబ్బాయ్, ఆ మిగిలింది మా కుండీకి కూడా పుయ్యవయ్యా. బోసిగా ఉంది."

"గదేంది పెద్దమ్మా, ఇంట్ల చెట్టుకు రంగెందుకు?"

"ఏం, పెద్దమనుషులు నా చెట్టును చూస్తే కళ్ళు పోతాయా?"

అతను పూశాడు. అడక్కుండానే సున్నం పట్టీ కూడా వేశాడు. అత్తగారు మురిసిపోయి, కుండీని అరుగు చివర నలుగురికీ కనపడేట్టు పెట్టారు. మాలీ ఇంటికి పోయాక సాయంత్రం బండివాళ్ళు వచ్చారు. వాళ్ళకు చెట్లు తెలియవు, జాజు తెలుసు. మేం లోపల కాఫీ తాగి వచ్చేసరికి రోడ్డు ఖాళీ, అరుగూ ఖాళీ.

ఆ మర్నాడు నేను ఆకు లేకుండా పులుసు పెడితే, అత్తగారు గిన్నెలోకి తొంగిచూసి, "ఎవరికి ఒంట్లో బాగాలేదే?" అన్నారు. తర్వాత పులుసు మానేశారు. ఆపైన మజ్జిగ మానేశారు. ఇక అన్నం ఒక్కటే మిగిలిందని మా ఆయన దిగులుపడ్డారు.

మూణ్ణెల్ల తర్వాత మాలీ మళ్ళీ మా వీధిలో కనపడగానే ఆవిడే వీధిలోకి వెళ్ళి నిలేశారు.

"నా చెట్టేదిరా?"

"ఔ పెద్దమ్మా, నేను సూసిన. మీ కల్యామాకు చెట్టు మావాటిల కలిసింది. కోఠికి పోయొచ్చింది, గౌలిగూడకు పోయొచ్చింది. మొన్న సభల మంత్రి పక్కనే నిలబెట్టిన్రు."

అత్తగారు కొంగు సర్దుకున్నారు. "ఏ పక్క?" అన్నారు.

"కుడిపక్క."

"ఆకులేమన్నా తుంచాడా?"

"లే, భాషణ్ ఇచ్చి పోయిండు."

ఆ సాయంత్రమే నేనూ ఆవిడా రిక్షాలో కుండీలు ఉంచే తోటకు వెళ్ళాం. క్రోటన్ల వరుస మధ్యలో మాది కనపడింది. మా అరుగు మీద మోకాలి దాకా ఉండేది, అక్కడ నా నడుం దాకా వచ్చింది. మా ఇంట్లో నల్లా వచ్చేదే కాసేపు. వంటకూ స్నానాలకూ పోగా దానికి దక్కేది బియ్యం కడుగు. ఇక్కడ రెండు పూటలా గొట్టంతో నీళ్ళు, పెంటఎరువు. అత్తగారు దాని చుట్టూ తిరిగి ఒక ఆకు నలిపి వాసన చూశారు. ఏమీ అనలేదు. అంటే బాగుందన్నమాట.

"రిక్షా ఆపి ఉంచాను అత్తయ్యా, తీసుకుపోదాం" అన్నాను.

అక్కడే నీళ్ళు పోస్తున్న మాలీ తల గోక్కున్నాడు. "తీస్కపోండ్రి, మీదే గద. గిది గూడ లెక్కల ఎక్కింది, కుండీ తక్కువైతే నేనేదో చెప్పుకుంట."

అత్తగారు కుండీ అంచు మీద చెయ్యి వేశారు. ఎత్తుతారని నేను రెండో వైపు పట్టుకున్నాను. ఆవిడ ఎత్తలేదు.

"కుండీలకు లెక్క సరే. ఆకులకూ ఉందా?"

"ఆకులకేం లెక్క పెద్దమ్మా! రాలితే ఊడుస్తం."

"అయితే ఉండనియ్యి. నీళ్ళు మీరు పోయండి, ఆకు నేను కోసుకుంటాను. సభలకు తీసుకెళితే మాత్రం ఆ కుడిపక్కే పెట్టండి."

రెండు రెమ్మలు తుంచి కొంగున కట్టుకున్నారు. ఆ రాత్రి పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా కరివేపాకును ఊరే పెంచింది. కావలసినప్పుడల్లా ఆవిడ చల్లపూట నడిచి వెళ్ళి కోసుకొచ్చేవారు. ఒక్కోసారి వట్టి కొంగుతో తిరిగొచ్చేవారు. ఊళ్ళోకి ఎవరో పెద్దమనిషి దిగాడని, పేపరు చదివే మా ఆయన కంటే ముందు మాకు తెలిసేది. ఆ పూట నేను భయపడుతూ ఆకు లేని పులుసు వడ్డించేదాన్ని.

అత్తగారు గిన్నెలోకి చూసి, "డ్యూటీకి వెళ్ళింది" అని, కిక్కురుమనకుండా అన్నం కలుపుకునేవారు.