చుక్కావును కాడికి కట్టిన ఏడు

మొన్న పెనుకొండ బస్టాండు దగ్గర కాఫీ తాగుతూ నిలబడి ఉంటే, గుట్టంత ఎత్తున శెనక్కట్టె నింపుకున్న ఒక ట్రాక్టరు నన్ను రాసుకుంటూ పోయింది. కాయలు రాల్చేసి ఎండబెట్టిన వేరుశనగ చెట్లనే మా వైపు శెనక్కట్టె అంటాం. ఎండిన ఆకు వాసన, అడుగున ఎర్రమట్టి వాసన, దాని మీద పడ్డ మంచు వాసన, అన్నీ కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చేతిలో కాఫీ చల్లారిపోయింది గానీ ఒళ్ళు మాత్రం వేడెక్కింది. తాడిమర్రి దగ్గరి మా ఊళ్ళో, మా కొట్టం పక్కన వేసిన వామి మీదికి ఎక్కి, జారి, గౌనంతా ముళ్ళూ నలుసులూ చేసుకొని అమ్మతో తిట్లు తిన్న తొమ్మిదేళ్ళ పిల్ల నాలోంచి ఒక్క గెంతు గెంతి బయటికి వచ్చింది.

మా ఇంట్లో మనుషులం నలుగురం. అవ్వ, నాయన, అమ్మ, నేను. పశువులూ కోళ్ళూ మాత్రం లెక్కకు అందేవి కావు. తెల్లవారేసరికి కొట్టంలో గంటల మోత, ఎనుము కింద కూర్చున్న అమ్మ చెంబులోకి పాలు పడే సుయ్‌మనే చప్పుడు, గంప తెరవగానే ఒకదాని మీద ఒకటి దూకే కోళ్ళ గోల. ఎనుము అంటే గేదె, దాని పాలు చిక్కన; అందులో తోడు వేసిన పెరుగును రాగి సంగటి ముద్ద మీద వేస్తే జారకుండా అట్లాగే నిలబడేది. మేకలు ముళ్ళకంప తిని బతికి, నాకు దగ్గు వచ్చినప్పుడల్లా గ్లాసెడు పాలు ఇచ్చేవి. ఎండాకాలం గొర్రెల కాపరులు మంద తోలుకొని వచ్చి మా చేన్లో నాలుగు రోజులు దిగితే, ఆ ఎరువుకు మరుసటి పైరు నల్లగా లేచేది. వాళ్ళు ఉన్ని కత్తిరించి నేయించి ఇచ్చిన కంబళి వానలో గొడుగు, చలిలో దుప్పటి, చేన్లో పరుపు. ఊరి గుడ్డలు మోసే గాడిదల వెనకాల మేం పిల్లలం వంక దాకా పరిగెత్తేవాళ్ళం. ఏ జీవం వట్టిగా తినదని అవ్వ నమ్మకం. పేడ ఎత్తేటప్పుడు కూడా ఆమె ముఖం చిట్లించడం నేను చూడలేదు.

ఇన్నింటి మధ్య మా చుక్కావు ఒక్కటే ఊరందరి నోట్లో పడింది. ఎర్రటి ఒళ్ళు, నొసట తెల్లని చుక్క. ఒకే ఒక్క ఈత ఈని, ఆ దూడ నిలవక, తర్వాత నాలుగేళ్ళు చూలు కట్టలేదు. పక్క చేను ఓబులప్ప చిన్నాయన మా అరుగు మీద కూర్చున్నప్పుడల్లా అదే మాట. "పాలియ్యని దాన్ని యాల మేపుతాండావు పెద్దమ్మా? హిందూపురం సంతకు తోలేస్తే పీడా పోతాది గదా."

"పేడ ఏచ్చాంది, మమ్మల్ని జూచి తలాడిచ్చాంది. అది సాలు," అనేది అవ్వ.

నేనంటే దానికి ప్రాణం. బడి నుంచి రాగానే లంగా ఒడిలో శెనక్కాయ పొట్టో, దొంగిలించిన బెల్లం ముక్కో తీసుకుపోయేదాన్ని. గరుకు నాలుకతో అది నా మోచేతి దాకా నాకుతుంటే కితకితలతో అరిచేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఆ ఏడు ఏరువాక పున్నమి వచ్చింది. ఆ పండగ మాకు మనుషులది కాదు, ఎద్దులది. పొద్దున్నే మా జత ఎద్దులు మైలగాణ్ణీ కారిగాణ్ణీ వంకలో రుద్ది రుద్ది కడిగాం. కొమ్ములకు ఎర్రటి జాజు, పసుపు, మెడలో గజ్జెల పట్టీలు, వీపు మీద అద్దాలు కుట్టిన గుడ్డ. ఇల్లంతా ఓళిగల, అంటే బొబ్బట్ల, వాసన. కాలే పెనం మీద నెయ్యి వేసిన చప్పుడుకే నోరూరేది. మొదటి ఓళిగ మాకు కాదు, ఎద్దులకు. సాయంత్రం తప్పెట్లు మోగుతుంటే ఊరి ముందర వేపాకు తోరణం కట్టి, దాని కిందుగా జతలను ఉరికించేవారు. దుమ్ము, ఈలలు, కేకలు, గజ్జెల హోరు! నేను అరుగు మీద నిలబడి గొంతు పోయేలా "మైలగా, మైలగా" అని అరుస్తూనే ఉన్నాను. మైలగాడు అందరికన్నా ముందు తోరణం తెంచాడు. తెంచి, ఆ ఊపులోనే బండల మీద జారి, ముందరి కాలు మడత పడి, నేల మీద కూలబడ్డాడు.

తప్పెట్లు ఆగిపోయాయి. కట్టు కట్టే ముసలాయన వచ్చి కాలు తడిమి చూసి, కోడిగుడ్ల సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. మా కోళ్ళు ఆ వారం పెట్టిన గుడ్లన్నీ మైలగాడి కాలికే పోయాయి. "నెల దినాలు దీన్ని కాడి దగ్గరికి తీసకపోవద్దు," అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

మూడో రోజు వాన పడింది. మా సీమలో వాన అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. పెంకుల మీద మొదటి చినుకులు పడగానే ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. పొద్దున లేచి చూస్తే ఎర్రనేల నల్లబడి, మెత్తబడి, ముద్ద చేస్తే ముద్ద అయ్యేలా ఉంది. ఆ పదును ఆరేలోపు, అంటే మూడు నాలుగు రోజుల్లో, శెనక్కాయ విత్తనం నేలలో పడాలి. తప్పితే మళ్ళీ వాన ఎప్పుడో, అసలు ఉందో లేదో. ఊళ్ళో ప్రతి జతా తెల్లారేసరికి చేన్లోనే ఉంది. నాయన ఇల్లిల్లూ తిరిగి ఒక ఎద్దును అడిగాడు. అందరికీ అదే తొందర, ఎవరిస్తారు? తిరిగి వచ్చి గుంజకు ఆనుకొని, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

అవ్వ కొట్టంలోంచి అంది. "చుక్కావును కట్టురా."

నాయన ఉలిక్కిపడ్డాడు. "ఆవును కాడికి కట్టేది మన ఇండ్లల్లో యాడన్నా ఉండాదామ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏటికి సరిపడా తిండిగింజలు నలుగురొచ్చి పోచ్చారా? దానికీ మనకూ తిండి ఆ చేన్లోనే ఉండాది. పైకి లెయ్యి."

ఆ మాటకు నేను లేచి కొట్టంలోకి ఉరికాను. భయమో సంతోషమో నాకే తెలియదు. మా చుక్కావు సేద్యం చేస్తుంది!

చేన్లో కారిగాడి పక్కన కాడి కింద నిలబెడితే చుక్కావు బిగుసుకుపోయింది. నాయన అదిలించాడు, నాలుక చప్పరించాడు, అడుగు కదల్లేదు. కారిగాడు మాత్రం మెడ తిప్పి దాన్ని వాసన చూసి, ఎప్పటి పనే అన్నట్టు ఊరుకున్నాడు. గట్టు మీద చేరిన ఓబులప్ప చిన్నాయన పకపకా నవ్వాడు. "ఏమప్పా, ఆవుతో సేద్యమా? రేపు కోళ్ళను గూడా కడ్తావా ఏంది?"

నాకు రోషం వచ్చింది. ఉరికి పోయి దాని ముందర నిలబడి, పలుపు పట్టుకొని, "రామ్మా చుక్కీ, రా," అన్నాను. అది నా అరచేతిని వాసన చూసింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి. ముందర నేను, నా వెనక ఆవూ ఎద్దూ, గొర్రు తోలుతూ నాయన, గొర్రు గొట్టాల్లోకి పిడికిలి పిడికిలిగా విత్తనం వదులుతూ అమ్మ. తడి మట్టి నా వేళ్ళ మధ్య నుంచి చల్లగా పైకి ఉబికేది. లేచిన పురుగుల కోసం తెల్ల కొంగలు మా వెంటే నడిచేవి. సాలు చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఎర్రనేల మీద దువ్వెనతో దువ్వినట్టు తిన్నని గీతలు. నేను గంతులు వేశాను. చుక్కావు తల ఆడించింది.

రెండో రోజు మధ్యాహ్నం ఎండ మండింది. సాలు నడిమధ్యన చుక్కావు మోకాళ్ళ మీద కుంగి, పడుకుండిపోయింది. నోటివెంట నురుగు, మెడ మీద కాడి ఒరిసిన చోట చర్మం లేచి ఎర్రబారింది. సగం చేను ఇంకా మిగిలే ఉంది, పైనేమో నేల పొడిబారుతోంది. నాయన చెర్నాకోల ఎత్తాడు. నేను ఆవు మెడ చుట్టూ చేతులు వేసి బావురుమన్నాను. ఎత్తిన చెయ్యి అట్లాగే నిలిచిపోయింది. తర్వాత నాయన చెర్నాకోలను దూరంగా విసిరేసి, కాడి విప్పి, తన తలపాగాను నీళ్ళలో తడిపి దాని మెడ మీద కప్పాడు. నాయన కళ్ళల్లో నీళ్ళు నేను చూడటం అదే మొదటిసారి.

అప్పుడే అవ్వ వచ్చింది, నెత్తిన ఉడికించిన ఉలవల కుండతో. ఆముదంలో పసుపు కలిపి మెడకు రాసింది. ఉలవలు తినిపించింది. "లేచ్చే లేచ్చాది, లేకుంటే లేదు. దాన్నేమీ అనొద్దండి," అని పక్కనే కూర్చుంది. మేమంతా కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. చుక్కావు ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, మొదట వెనక కాళ్ళ మీద, తర్వాత ముందు కాళ్ళ మీద లేచి, ఎవరూ పిలవకుండానే పోయి కారిగాడి పక్కన నిలబడింది. నాయన కాడి కింద మెత్తటి గోనెపట్టా మడిచి వేశాడు. మూడో రోజు పొద్దుగుంకే వేళకు చివరి సాలు ముగిసింది. ఓబులప్ప చిన్నాయన గంపెడు ఉలవలు తెచ్చి చుక్కావు ముందర పోసి, ఎవరివైపూ చూడకుండా, "సాళ్ళు తిన్నగా వచ్చినాయబ్బా," అని వెళ్ళిపోయాడు.

వారానికి మొలకలు నేల పగలగొట్టుకొని వచ్చాయి. ఆ పొద్దు నేను బడికి పోలేదు. చేను గట్టున ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుగులు తీస్తూనే ఉన్నాను. మైలగాడి కాలు కుదిరాక చుక్కావును మళ్ళీ కాడికి కట్టలేదు. అది మళ్ళీ ఎప్పుడూ ఈనలేదు కూడా. అయినా దాన్ని సంతకు తోలమని తర్వాత ఒక్కరూ అనలేదు.

ఆ చేను ఇప్పటికీ మాదే. నాయన పోయాక, విత్తనం వేసే రోజున నేనుండే హిందూపురం నుంచి వచ్చి గట్టున నిలబడతాను. ఇప్పుడు ఊళ్ళో కాడికి కట్టే జత ఒక్కటీ లేదు. గొర్రెల మందలు ఈ వైపు దిగడం లేదు. పాలు పాకెట్లలో, కంబళి స్థానంలో ప్లాస్టిక్ పట్టలు. ఏరువాక పున్నమి క్యాలెండరులో మాత్రమే కనబడుతుంది.

ఈ ఏడు విత్తనానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు తలుపుల అనే ఊరి వైపు కుర్రవాడు. డీజిల్ పోసుకుంటుంటే, "ఈ చేన్లో ఒకసారి ఆవు సేద్యం చేసిందబ్బా," అన్నాను.

"ఆవా! దానికెన్ని గేర్లక్కా?" అని నవ్వాడు.

నేనూ నవ్వి, అంతా చెప్పాను. వింటూ వింటూ అతను డబ్బా కింద పెట్టేశాడు. "అదేమయిందక్కా మళ్ళ?"

"ఇంకా ఆరేళ్ళు బతికింది. ఒక ఎండాకాలం పోయింది. ఆ కానుగ చెట్టు పక్కన, చేను మూలనే పూడ్చినాం."

అతను అటువైపు చూసి బండి ఎక్కాడు. గంటన్నరలో చేనంతా అయిపోయింది. ఆ మూలకు వచ్చిన ప్రతిసారీ బండి మెల్లగా తిప్పి, కానుగ చెట్టు పక్కన కాస్త నేలను దున్నకుండా వదిలేశాడు. వదలమని నేను అడగలేదు.