వణికే చేతుల్లో కెమెరా

చేతులు వణకడం మొదలయ్యాక పెద్దాయన తన సెలూన్ మూసేసి, కాలక్షేపానికి కోడలి పాత కెమెరా పట్టుకున్నారు. ఆటో మోడ్‌లో తీసిన ప్రతి ఫొటో అలుక్కుపోయేది.

"మావయ్యా, ఈ చక్రాన్ని 'ఎస్' దగ్గరికి తిప్పండి. ఫొటో ఎంత వేగంగా పడాలో మీరు చెప్పండి, వెలుతురు సంగతి కెమెరా చూసుకుంటుంది," అంది కోడలు.

"ఎంత చెప్పమంటావమ్మా?"

"సెకనులో వెయ్యో వంతు. మీ చెయ్యి కదిలేలోపే ఫొటో పడిపోతుంది."

పెరట్లో మంచి ఎండలో మనవరాలు తాడాట ఆడుతోంది. ఆయన ఊపిరి బిగబట్టి మీట నొక్కారు. తెర మీద పిల్ల గాల్లో నిలిచిపోయింది. జడ కొసతో సహా అంతా స్పష్టంగా ఉంది.

"మళ్ళీ ఎగురు తల్లీ, ఇంకా పైకి," అన్నారు నవ్వు ఆపుకోలేక.

ఆ సాయంత్రం దాకా వీధిలో పరిగెత్తేదేదీ ఆయన్ని తప్పించుకోలేకపోయింది.