గాజులు మోగించిన నడక

పోయిన మంగళవారం పొద్దున, మిల్లు సంగు, అదే సైరను, ఊదే వేళకు నా భార్య కన్నుమూసింది. పరామర్శకు వచ్చిన పెద్దాయన ఒకరు "ఇల్లు దాటని మహాలక్ష్మి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తల ఊపారు. నాకు ఒళ్ళు మండింది. అది పొగడ్త కాదు, అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె ఇల్లు దాటింది. నిండు గర్భంతో, అందరూ చూస్తుండగా దాటింది.

వాళ్ళ అక్క తొలికాన్పులో పోయింది. తన కడుపున బిడ్డ పడినప్పటి నుంచి ఆ భయం ఈమెను పట్టుకుంది. అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయేది. కూర్చున్నచోటే చెమటలు పట్టేవి. ఇంట్లోవాళ్ళకు తెలిసిన మందు ఒక్కటే: కదలకు. ఆసుపత్రి డాక్టరమ్మ మాత్రం, "నొప్పి గాని రక్తం గాని కనిపిస్తే ఆపి నా దగ్గరికి రా. లేదంటే రోజూ నడువమ్మా, మనసు తేలికవుతుంది" అంది.

నడిచింది. సాయంత్రాలు వీధి కొసదాకా, ఆపైన మిల్లు గోడ వెంట. అరుగుల మీద గుసగుసలు మొదలయ్యాయి. అదే మిల్లు గేటులోంచి, రోజంతా దారం మిషను దగ్గర నిలబడ్డ గర్భిణులు బయటికి వస్తుంటే ఆ అరుగులకు నోరు లేదు. మా ఇంటి కోడలు నడిస్తేనే పరువు పోయింది!

మా అరవనాటి సీమంతం, వళైకాప్పు చేసి మోచేతిదాకా గాజులు తొడిగిన మర్నాడు, మా అమ్మ వాకిట్లో అడ్డం నిలిచింది.

"ఏమ్మే, ఇంగ ఎక్కడికి? సుమ్మా, ఊరికే కూచోరాదా?"

"సుమ్మా కూచుంటే గుండె దడదడా కొట్టుకుంటాది అత్తా. నడిస్తే అణుగుతాది."

"అయితే ఆ గాజులన్నా తీసిపెట్టి పో. వీధంతా మోగించుకుంటా పోతావా?"

"మోగనీండి. కడుపులో ఉండేది వినాలనే కదా మీరు తొడిగింది? ఇంట్లోనే వినాలని ఎవురన్నా చెప్పినారా?"

అమ్మ నవ్వు ఆపుకుని పక్కకు జరిగింది. ఆ మర్నాడు గొడుగు పట్టుకుని తానే వెనక నడిచింది. అరుగు మీద ఎవరో నోరు తెరవబోతే, "నా కోడలు, నా గొడుగు. నీకేమి?" అంది.

మెల్లగా ముద్ద నోటికి పోయింది. భయం పోయిందా అని అడిగితే, "ఉండాది. కానీ నా మీద కూచోని లేదు, నాతోబాటు నడస్తా ఉండాది" అనేది.

బిడ్డ పుట్టాక ఆ వీధిలో ఎందరో కోడళ్ళను తానే చెయ్యి పట్టి నడిపించింది. ఆ పెద్దాయన కోడలూ వాళ్ళలో ఒకతె. ఆయన మరిచిపోవచ్చు. నేను మరవను.

పుణ్యస్త్రీగా పోయిందని చివరిసారి మళ్ళీ మోచేతిదాకా గాజులు తొడిగారు. మిల్లు గోడ వెంటే తీసుకుపోయాం. దారి పొడుగునా చెవి ఒగ్గి నడిచాను. ఒక్క గాజూ మోగలేదు.