ఏమీ తెలియని రంగుల టీచర్

పసుపు రంగులో నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుందని మా మేనత్తకు ముప్పై ఏళ్లుగా తెలియదు. చిన్నపిల్లలకు రంగులు కలపడం నేర్పడమే ఆవిడ ఉద్యోగం. అయినా తెలియదు.

రోజూ ఎవరో ఒక పిల్ల కుంచెతో ఆ రెండూ కలుపుతుంది. పళ్లెంలో పచ్చదనం విచ్చుకోగానే అత్త గుండెల మీద చెయ్యేసుకుంటుంది.

"అమ్మో! ఇదెక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడుండాల్సిన పసుపేది? ఎవరు తీశారు?" అంటూ వంగి బల్ల కింద వెతుకుతుంది.

"అది ఇందులోనే ఉంది టీచర్! నిన్న కూడా చెప్పాను కదా!" అని ఐదేళ్ల బొద్దుపిల్ల ఒకతె నడుం మీద చేతులు పెట్టుకుని కసురుతుంది.

"చెప్పావా? నా బుర్రలో నిలిస్తేగా తల్లీ! ఏదీ, మళ్లీ చూపించు."

ఇరవై ఆరుగురూ ఎగబడి చూపిస్తారు.

ఆ కేరింతలన్నీ చెక్క గోడకు ఇవతల కూర్చున్న నాకు వినిపిస్తాయి. అదే బడిలో నేను కథల తరగతి చెబుతాను. సాహిత్యంలో ఎం.ఏ. చదివాను. నాకు అన్నీ తెలుసు. నా దగ్గరికి వచ్చేది ఏడుగురు. వాళ్లలో ఇద్దరు నిద్రపోవడానికి వస్తారు. నా గొంతు మూడో వరుస దాకా వెళ్లదు; మూడో వరుస లేదు గనక సరిపోయింది. నెలాఖరుకు పదిమందైనా చేరకపోతే కథల తరగతి ఎత్తేస్తామని పెద్ద టీచర్ చెప్పేసింది. నాకు కడుపు మండిపోయింది. పెద్ద టీచర్ మీద కాదు, అత్త మీద. ఏమీ తెలియని మనిషికి ఇరవై ఆరుగురా!

చివరికి సిగ్గు విడిచి ఆవిడ పద్ధతే కాపీ కొట్టాను. కథ మధ్యలో ఆగి, గుండెల మీద చెయ్యేసుకుని, "అయ్యో, తర్వాతేమైందో నాకు తెలియదే!" అన్నాను.

ఒక పాప నా వంక జాలిగా చూసింది. "పోనీలెండి టీచర్. ఇంటికెళ్లి బాగా చదువుకుని రండి" అని సంచి తగిలించుకుంది. మర్నాడు ఐదుగురే వచ్చారు.

ఆ సాయంత్రమే రంగుల కొట్టాయన కొత్త డబ్బాలు తెచ్చాడు. అత్త మూత తీసి, ఒక్క చుక్క వేలికి రాసుకుంది.

"ఈ పసుపులో ఎర్రజీర ఉందయ్యా. దీనికి నీలం తగిలిస్తే పాచిరంగే గానీ, లేతాకు పచ్చ రమ్మన్నా రాదు. తీసుకుపో."

నేను నోరు తెరిచాను. "దొంగత్తా! నీకన్నీ తెలుసన్నమాట!"

"ష్! పిల్లలు వింటారు. నాకు తెలుసని తెలిస్తే ఇంక నాకెందుకు చెబుతారే?"

"మరి నేనూ తెలియదనే అన్నాను. పారిపోయారు!"

"నీకు అబద్ధం అతకదే పిచ్చిమొద్దూ. నువ్వు తెలిసినట్టే ఉండు."

మర్నాడు బొద్దుపిల్ల నా గుమ్మంలో నిలబడింది. చేతిలో పళ్లెం, అందులో అటు బూడిదరంగూ ఇటు ఊదారంగూ కాని ఒక ముద్ద.

"దీని పేరు రంగుల టీచర్‌కి తెలీదంట. మీరు బోలెడు పుస్తకాలు చదివారంట. మీకే తెలుస్తుందంట."

నేను చాలాసేపు చూశాను. "ఇది... దారి తప్పిన మబ్బు రంగు."

"ఎందుకు తప్పింది? వాళ్లమ్మ ఏదీ?"

చెప్పాల్సి వచ్చింది. చెబుతుండగానే ఇంకో పళ్లెం వచ్చింది, దాని వెనక ఇంకోటి. ఆ వారంలో అత్త అజ్ఞానం ఘోరంగా ముదిరిపోయింది. ఒక్క రంగు పేరూ ఆవిడకు గుర్తు లేదు. నెలాఖరుకు నా గదిలో పద్దెనిమిదిమంది, చాపలు చాల్లేదు.

తరగతి ఉంచుతున్నామని పెద్ద టీచర్ చెప్పిన రోజు, పిల్లలు మళ్లీ మబ్బు కథే కావాలన్నారు. సగం చెప్పేసరికి, చేతుల నిండా రంగుతో అత్త గుమ్మంలోకి వచ్చి నోరు తెరుచుకుని వింటోంది.

"అమ్మో! తర్వాతేమైంది?" అంది.

పిల్లలంతా నన్ను వదిలేసి అటు తిరిగారు. "మేం చెప్తాం టీచర్! మేం చెప్తాం!"

నాకు మళ్లీ కడుపు మండింది. ఆ కథ నా చిన్నప్పుడు నాకు చెప్పింది ఆవిడే.