పదిహేడుసార్లు సభ్యుడు

గుమ్మడికాయలంత వడగళ్లు పడి మా బావ ద్రాక్షతోట నేలకరిచింది. పరిహారం అడిగిపెట్టమని "రైతు గొంతు మాదే" అనే పార్టీకి ఫోన్ చేశాడు. మిస్డ్ కాల్‌తో సభ్యుడైన ఆయన దగ్గర ఆ నంబరొక్కటే ఉంది. అది ఒకసారి మోగి ఆగిపోయేది, 'సభ్యుడైనందుకు ధన్యవాదాలు' అని మెసేజ్ వచ్చేది.

"పదిహేడుసార్లు చేరినానప్పా, ఒగ మనిషీ మాట్లాడలే," అన్నాడు పేరేసంద్ర ఊళ్లో టీ అంగట్లో.

ఓదార్చబోయి, పేపర్లో చదివింది చెప్పాను. యూరప్ దేశాల కూటమిని తిట్టి ఓట్లు తెచ్చుకునే అక్కడి ఒక పార్టీలో నాయకుడు తప్ప వేరే సభ్యుడే లేడట. నా నవ్వుకు అంగడి రేకులు లేచాయి.

బావ నవ్వలేదు.

"ఆడ ఒగడన్నా ఉండాడు కదప్పా. రేపు తోట పీకించేస్తాండా. ఆమీద నష్టం రాసుకోను ఎవరైనా వచ్చినా చూపించేదానికి ఏముంటాది?"